ముక్కుతో ఆడిన క్విజ్

లోకంలో చాలామందికి నోటి వల్ల పరువు పోతుంది. కొందరికి చేతివాటం వల్ల పోతుంది. నాకు ముక్కు వల్ల పోయింది. అదైనా ఇంట్లో, నాలుగు గోడల మధ్య పోయుంటే సర్దుకునేవాణ్ణి. కెమెరాల ముందు, కళ్ళు బైర్లు కమ్మే లైట్ల కింద, అమెరికాలో డిష్ ఉన్న ప్రతి తెలుగింట్లోనూ కనిపించేలా పోయింది. సరదాగా ఉందని ఆ ఛానెల్ వాళ్ళు దాన్ని పండగ పూట మళ్ళీ వేశారు కూడాను. చూడనివాళ్ళ కోసమే ఇదంతా చెబుతున్నాను. చూసినవాళ్ళు దయచేసి నవ్వు ఆపుకుని, పక్కవాళ్ళని ప్రశాంతంగా చదువుకోనివ్వండి.

రెండువేల ఆరో, ఏడో. మేం అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆవిడ పద్మ అక్కడ ఆస్పత్రిలో నర్సు. ఆవిడ ఉద్యోగం పట్టుకుని విమానం ఎక్కితే, నేను ఆవిడ కొంగు పట్టుకుని ఎక్కాను. నా చదువు సంగతి అడక్కండి. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూడలేని స్థితికి వచ్చేశాం. ఇద్దరిలో ఎవరో ఒకరు బడి వదలాలి. ఆయనకు జీతం వస్తోంది కదా అని జాలిపడి నేనే వదిలాను.

అలాంటి నాకు అమెరికాలో ఒక హోదా ఏర్పడింది. అది ఇడ్లీ. మా చుట్టుపక్కల అందరూ ఇంజనీర్లు, డాక్టర్లు. అణువులు చీల్చగలరు, గుండెలు కోయగలరు, ఇడ్లీపిండి మాత్రం కుదిరి చావదు. ఒకరిది రాయి, ఒకరిది జావ. నా ఇడ్లీ ఒక్కటే దూది. అందువల్ల మూడు పీహెచ్‌డీలున్న ఇంట్లో కూడా నేను అడుగుపెడితే లేచి నిలబడి, "రండి రండి, పప్పు ఎంతసేపు నానబెట్టాలంటారు?" అని అడిగేవాళ్ళు.

ఇబ్బంది అంతా రుబ్బడంలో ఉంది. ఇక్కడి బ్లెండర్ పళ్ళరసం కోసం పుట్టిన ప్రాణి. స్ట్రాబెర్రీలు వేస్తే కూనిరాగం తీస్తూ తిరుగుతుంది. నానిన మినప్పప్పు వేశామో, పరీక్ష హాల్లో నాకు పట్టిన గతే దానికీ పడుతుంది: ముందు మూలుగు, తర్వాత వణుకు, ఆపైన పొగ. పొగ రాగానే స్మోక్ అలారం మోగుతుంది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న పద్మ దుప్పటి తీయకుండానే అడిగేది:

"మళ్ళీ పోయిందా?"

"పోయింది."

"పప్పో?"

"పప్పుకేం కాలేదు. చాలా ధైర్యంగా ఉంది."

అలా మా వంటింట్లో బ్లెండర్లు వరసగా వీరమరణం పొందుతున్న రోజుల్లో నేనో గొప్ప పని చేశాను. తెలుగు సంఘం మీటింగులో ఉగాది టిఫిన్ల ప్రస్తావన వచ్చింది. ప్రెసిడెంట్ గారు, "బల్క్‌లో బేగెల్స్ ఆర్డర్ చేసేద్దామా?" అన్నారు. ఉగాది పచ్చడి పక్కన బేగెలా, ఆ గారెలాంటి చిల్లు రొట్టెలా! నాకు రక్తం ఉడికింది. లేచి, "ఈసారి ఇడ్లీ నాది! ఊరందరికీ నాది!" అని ఛాతీ తట్టుకున్నాను. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు వినడానికి ఎంత బావున్నాయంటే, ఇంట్లో ఉన్న బ్లెండర్ అంతకు ముందురోజే కన్నుమూసిన సంగతి గుర్తు రాలేదు.

ఇంటికొచ్చాక పద్మ తీరిగ్గా అడిగింది. "ఊరందరికీ పిండి దేంతో రుబ్బుతారు, పళ్ళతోనా?"

సరిగ్గా ఆ వారమే టీవీలో ప్రకటన వచ్చింది. అమెరికా తెలుగువాళ్ళ కోసం నడిచే ఒక చిన్న ఛానెల్ మా ఊళ్ళోనే క్విజ్ షో తీస్తుందట. పోటీకి జనం కావాలి, ఆడియన్స్‌గా కూర్చోడానికీ కావాలి. మొదటి బహుమతి: నూట పది వోల్టుల వెట్ గ్రైండర్! ఇక్కడి కరెంటుతో నడిచే మన రాతి గ్రైండర్ ఆ రోజుల్లో ఎంత అపురూపమో ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. దాన్ని స్క్రీన్ మీద గిర్రున తిప్పి చూపించారు. నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను.

"నేను వెళ్తానండీ," అంది పద్మ. "నాకు క్విజ్‌లంటే ఇష్టం. స్కూల్లో కప్పులొచ్చాయి."

"నేనూ వచ్చి హెల్ప్ చేస్తా."

"మీరు ఇంట్లో ఉండటమే హెల్ప్."

అన్న మాట అన్నట్టే విని ఊరుకునుంటే ఈ కథ ఉండేది కాదు. పద్మకు తెలివి ఉందని నాకు తెలుసు. కానీ గ్రైండర్ విషయంలో ఒక్క తెలివి మీద ఆధారపడటం అజాగ్రత్త అనిపించింది. ఉగాదినాడు నాలుగువందల మంది బేగెల్స్ నముల్తూ నావైపు చూసే చూపు కళ్ళకు కట్టింది. అందుకని ఒక ప్లాన్ వేశాను.

నా ప్లాన్‌కి మూలస్తంభం డాక్టర్ చలపతిరావు గారు. మా అపార్ట్‌మెంట్ల పక్కవీధిలో ఉంటారు, గుండె డాక్టరుగా రిటైరయ్యారు. ఆయనకు తెలియని విషయం లేదు, తెలిసింది లోపల దాచుకునే అలవాటూ లేదు. టీవీలో క్విజ్ వస్తుంటే ప్రశ్న పూర్తికాకముందే జవాబు గొణిగేస్తారు, గొణిగి "ఛ, ఇది కూడా తెలీదు వీళ్ళకి," అని నిట్టూరుస్తారు. ఆయన్ని ఆడియన్స్‌లో నా పక్కన కూర్చోబెట్టుకుంటే ఆయన గొణుగుతారు, నేను వింటాను. ఆ విన్నది స్టేజి మీదున్న పద్మకు చేరాలి. ఎలా?

ఛానెల్ వాళ్ళు ఫోన్ చేసి ఆడియన్స్ రూల్స్ చెప్పారు. మాట్లాడకూడదు, చేతులు ఊపకూడదు, పెదాలు కదపకూడదు, దగ్గకూడదు. నేను శ్రద్ధగా విని, మర్యాదగా థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసి, ఆనందంతో గిరగిరా తిరిగాను. తుమ్మకూడదని చెప్పలేదు కదా! యాంకర్ ఆప్షన్లు ఒక్కొక్కటీ చదువుతాడు. సరైన ఆప్షన్ దగ్గర నేను తుమ్ముతాను. అంతే! లెక్కల మాస్టారు చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు.

దొంగతుమ్ము తుమ్మడం మీరనుకున్నంత తేలిక కాదు. బాత్రూంలో ప్రాక్టీసు చేశాను. ప్రెషర్ కుక్కర్ విజిల్‌లా ఒకసారి, మేక పిలిచినట్టు ఒకసారి వచ్చింది. మూడోసారి పద్మ తలుపు తట్టింది. బయటికి రాగానే నుదురు పట్టుకు చూసి, నోట్లో థర్మామీటర్ పెట్టింది. లాభం లేదు, సరుకు అసలుదే ఉండాలనుకుని, మిరియాలు మెత్తగా దంచి చేతిరుమాల్లో మూటకట్టుకున్నాను.

పద్మకు మాత్రం చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు. ఇంజెక్షన్ ఇచ్చేముందు కూడా "నొప్పి పుడుతుంది" అని నిజం చెప్పేసే రకం. చెప్పకపోయినా కనిపెట్టేస్తుందిలే, భార్య కదా అనుకున్నాను. నా జీవితంలో జరిగిన తప్పుల్లో ముప్పావు వంతు ఈ వాక్యంతోనే మొదలయ్యాయి.

షూటింగ్ రోజు బయట మోకాలి లోతు మంచు. స్టూడియో అంటే ఏదో ఊహించుకున్నాను. అది అంతకుముందు తివాచీలమ్మిన షాపు. ఒక మూల స్టేజి కట్టి, వెనకాల చార్మినార్ బొమ్మ, పక్కన ప్లాస్టిక్ అరటిచెట్లు పెట్టారు. గ్రైండర్‌ని మాత్రం పట్టు కండువా కప్పిన స్టూలు మీద దేవుడిలా నిలబెట్టారు. నేను బూట్లు విప్పబోయి ఆగాను.

ఆడియన్స్‌ని చూసుకునే పని జెన్నీ అనే అమెరికన్ అమ్మాయిది. తెలుగు ఒక్క ముక్క రాదు, చేతిలో చప్పట్ల బొమ్మ ఉన్న అట్ట మాత్రం ఉంది. అట్ట లేపితే మేం చప్పట్లు కొట్టాలి. షో మొదలవకముందే ఖాళీ స్టేజి వైపు చూపించి మా చేత చప్పట్లు కొట్టించి, నవ్వించి, "అయ్యయ్యో" అనిపించి అన్నీ రికార్డు చేసేసుకున్నారు. తర్వాత కావలసిన చోట అతికిస్తారట. వచ్చింది తక్కువమందే. అందుకని మమ్మల్ని కోట్లతో ఎడమవైపు కూర్చోబెట్టి ఒకసారి, కోట్లు విప్పించి కుడివైపు కూర్చోబెట్టి ఒకసారి తీశారు. టీవీలో మేం రెండింతలయ్యాం. మోసం నా ఒక్కడి సొత్తు కాదని తెలిసి మనసు కుదుటపడింది.

చిక్కల్లా జెన్నీ నన్ను డాక్టరు గారి నుంచి విడదీయబోవడం. "సర్, కెన్ యూ మూవ్ టు ద ఫ్రంట్?"

"నో, నో. హి ఈజ్ మై డాక్టర్," అన్నాను ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుని. "హార్ట్."

జెన్నీ కంగారుపడి, మా ఇద్దరి మధ్య గాలి కూడా దూరకుండా కుర్చీలు జరిపించింది. డాక్టరు గారు మాత్రం నా నాడి చూస్తూ కూర్చున్నారు. "ఫాస్ట్‌గా కొట్టుకుంటోందయ్యా."

"ఉత్సాహమండీ."

యాంకర్ పేరు కిరణ్. కుర్రాడు కొంటె. జవాబు చెప్పగానే ఒప్పో తప్పో చెప్పడు. గుడి తలుపుకి వేసేంత ఇత్తడి తాళం కప్ప తీసి, "తాళం వేసేయనా? వేశాక ఏడవకూడదు," అంటాడు. జవాబు ఒప్పయినా సరే ఎవరో పోయినట్టు మొహం పెడతాడు, తప్పయితే స్వీటు పంచేవాడిలా నవ్వుతాడు. చివరిదాకా మిగిలింది ఇద్దరు: పద్మ, నేపర్‌విల్ నుంచి వచ్చిన స్వప్న అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి.

పద్మకు మొదటి ప్రశ్న: మనిషి ఒంట్లో అన్నిటికంటే పొడవైన ఎముక ఏది? ఆప్షన్లు చదవకుండానే "తొడ ఎముక" అంది. కిరణ్ కళ్ళు తుడుచుకున్నాడు. ఒప్పన్నమాట.

రెండోది: "అయిదు మహాసరస్సుల్లో పూర్తిగా అమెరికాలోనే ఉన్నది ఏది?"

డాక్టరు గారు వెంటనే గొణిగారు. "మిషిగన్. పక్కనే పెట్టుకుని తెలీకపోతే ఎలా?" నేను రుమాలు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.

"ఒకటి, ఎరీ. రెండు, హ్యూరాన్. మూడు, మిషిగన్..."

"హా...చ్చ్!"

చార్మినార్ బొమ్మ ఊగిందని తర్వాత కొందరన్నారు. పిల్లలంతా "బ్లెస్ యూ!" అని అరిచారు. పెద్దవాళ్ళు "చిరంజీవ!" అన్నారు. అప్పుడే జవాబు చెప్పబోతున్న పద్మ టక్కున నోరు మూసేసింది.

ముందు వరుసలో ఒక పెద్దావిడ ఉంది. నేత చీర, దాని మీద స్వెట్టరు, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు. ఆవిడ లేచి నిలబడింది. "ఆగు బిడ్డా! ఒంటి తుమ్ము వడ్డది. జర కూసొని, ఇన్ని నీళ్ళు తాగి చెప్పు."

అప్పుడు వెలిగింది నాకు. ఏదైనా చెయ్యబోతుంటే ఒక్క తుమ్ము వినబడితే ఆగాలి, రెండు వినబడితే వెళ్ళొచ్చు. మా ఇంట్లో తుమ్ముకి బస్సులు వదులుకున్నాం, ఒకసారి రైలు కూడా వదిలేశాం. అలాంటి ఇంట్లో పుట్టి, తుమ్ముని "అవును, అదే చెప్పు" అనడానికి వాడుకుందామనుకున్నవాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయుంటాను.

కిరణ్‌కి సరదా పుట్టింది. "శకునం బాలేదు, గడియారం ఆపండి! నీళ్ళు పట్రండి!" అన్నాడు. ఏం జరుగుతోందో తెలియని జెన్నీ పద్మకు నీళ్ళ సీసా, నాకు టిష్యూ డబ్బా ఇచ్చి వెళ్ళింది. పద్మ కుర్చీలో కూర్చుని, లేచి, గుక్కెడు తాగి, "మిషిగన్" అంది. తాళం పడింది. ఒప్పు.

ఇక్కడైనా మానేయాల్సింది. కానీ నేను దాన్ని ఎలా అర్థం చేసుకున్నానో చూడండి: తుమ్మాను, మిషిగన్ అంది, కాబట్టి అందింది! ఆ నీళ్ళు తాగడమంతా ఎవరికీ అనుమానం రాకుండా పద్మ ఆడిన నాటకం! నా భార్య ఇంత గడుసుదా అని గర్వంతో ముక్కు ఉబ్బింది.

స్వప్న వంతు వచ్చింది, చెప్పింది. మళ్ళీ పద్మ వంతు. "మన అరవై సంవత్సరాల పేర్లలో మొదటిది ఏది?"

"ప్రభవ," అని గొణిగారు డాక్టరు గారు.

"ఒకటి, విభవ. రెండు, ప్రభవ..."

"హాచ్చ్!"

"మళ్ళొకటే వాయె!" అని పెద్దావిడ లేచింది. "ఆగు తల్లీ, ఆగు."

ఈసారి ఆడియన్స్ అంతా అందుకున్నారు. "ఆగమ్మా, ఆగు!" అని ఒకాయన, "ఇంకోటి తుమ్మండి సార్, జంట చేసేయండి!" అని నా వెనకాయన. ఇదేదో ప్రోగ్రాంలో భాగమనుకుని జెన్నీ చప్పట్ల అట్ట లేపింది. చప్పట్లు మోగాయి. పద్మ మళ్ళీ నీళ్ళు తాగి, నావైపు ఒక చూపు చూసి, "ప్రభవ" అంది. ఆ చూపుకి అర్థం 'థాంక్స్' అనుకున్నాను. ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే అది నర్సు చూపు. 'వీడికి ఏదో తేడాగా ఉంది' అని.

"అలెర్జీయా?" అన్నారు డాక్టరు గారు.

"పుప్పొడి పడదండీ."

ఆయన కిటికీలోంచి బయటి మంచు వైపు చూశారు. మళ్ళీ నా నాడి పట్టుకున్నారు.

ఇద్దరికీ సమానంగా మార్కులొచ్చాయి. ఆఖరి ప్రశ్న. ముందు పద్మకు వెళ్తుంది. అర నిమిషంలో చెప్పాలి, చెప్పకపోతే స్వప్నకు. కిరణ్ గ్రైండర్ దగ్గరికెళ్ళి కండువా సర్ది, చిన్నపిల్లాణ్ణి నిమిరినట్టు నిమిరాడు.

"ఈసారి గడియారం ఆగదు. బావగారు తుమ్మినా ఆగదు," అన్నాడు నావైపు చెయ్యి చూపిస్తూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఆఖరిది కదా, గురి తప్పకూడదని రుమాల్లో మూట మొత్తం విప్పేశాను.

"నవధాన్యాల్లో ఒకటైన మాషం అంటే ఏమిటి?"

డాక్టరు గారు పకపకా నవ్వారు. "మినుములయ్యా! నువ్వు రోజూ రుబ్బేవే!"

రోజూ రుబ్బుతున్నదాని అసలు పేరు నాకు తెలీదు! స్టేజి మీద పద్మ మొహం మాత్రం దీపంలా వెలిగింది. తెలుసు! ఆవిడకు తెలుసు! ఆ వెలుగు చూసి కూడా నేను రుమాలు దించలేదంటే నన్నేమనాలి?

"ఒకటి, పెసలు. రెండు, కందులు. మూడు, మినుములు..."

"హా...చ్చ్!"

"నాలుగు, శనగలు. టైం స్టార్ట్!"

పద్మ "మి..." అనబోయి మూసేసింది.

"ఒంటి తుమ్ము, బిడ్డా!" అంది పెద్దావిడ.

సరే, రెండోది తుమ్మేస్తే జంటవుతుంది కదా అనుకున్నాను. ఆ ఇబ్బంది లేకుండా రెండోది దానంతటదే వచ్చింది. "హాచ్చ్!"

"ఆఁ, రెండు!" అంది ఆడియన్స్.

పద్మ నోరు తెరిచింది. "మి..."

"ఉండు ఉండు, ఇంకోటి వచ్చేటట్టున్నది," అంది పెద్దావిడ.

వచ్చింది. పద్మ నోరు మూసింది. నాలుగోది వచ్చింది, తెరిచింది. అయిదోది వచ్చింది, మూసింది. నా ముక్కుకీ ఆవిడ నోటికీ మధ్య ఎవరో తీగ కట్టినట్టుంది. ఒంటి అయితే మూత, జంట అయితే తెరుపు. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, జెన్నీ టిష్యూలు గుప్పిళ్ళతో అందిస్తోంది, డాక్టరు గారు నా వీపు మీద దరువేస్తున్నారు. నేను తుమ్ముకీ తుమ్ముకీ మధ్య, "చెప్పెయ్... హాచ్చ్! ...చెప్పెయ్ పద్మా... హాచ్చ్!" అని అరవబోతే, వినపడింది హాచ్చులే.

"మి..." అంది పద్మ.

"హాచ్చ్!"

బజర్ మోగింది.

హాలంతా "అయ్యయ్యో" అని అనాల్సింది, కానీ అది ముందే రికార్డయిపోయింది కాబట్టి ఎవరూ కష్టపడలేదు. కిరణ్ స్వప్న వైపు తిరిగాడు. ఆ అమ్మాయి ఒక్కక్షణం నావైపు చూసి, "మినుములు," అంది.

"తాళం వేసేయనా?"

"వేసేయండి."

తాళం పడిన చప్పుడు నా గుండెల్లో పడింది. కిరణ్ కళ్ళొత్తుకున్నాడు. జెన్నీ అట్ట లేపింది. గ్రైండర్ కండువాతో సహా స్వప్న చేతుల్లోకి వెళ్ళింది. వెళ్ళాక, ముచ్చటగా, నా తుమ్ములు ఆగిపోయాయి.

బయటికొచ్చి కారు మీద మంచు గీకుతున్నాం. అంటే పద్మ గీకుతోంది, నేను దొంగలా నిలబడ్డాను. దాచి లాభం లేదని మిరియాల దగ్గర్నుంచి మూడో ఆప్షన్ దాకా అంతా చెప్పేశాను. పద్మ గీకడం ఆపలేదు.

"నాకు తెలుసండీ ఆ జవాబు."

"తెలుసని తెలిసింది."

"ఆస్పత్రిలో డ్యూటీ ఉన్నంతసేపూ తుమ్ములే వింటాను. ఒక్కదానికైనా ఆగుతానా? ఆగితే పేషెంట్లు బతుకుతారా?"

"మరి ఇక్కడెందుకు ఆగావే?"

"తుమ్మింది మీరు కాబట్టి. ఏదో చెడు జరగబోతోందని మీకు ముందే తెలిసిందేమో అనుకున్నా."

ఆ చెడు నేనేనని ఆవిడకు మాత్రం ఏం తెలుసు? నేనూ చేత్తో మంచు తుడవబోతుంటే వెనకాల బూట్ల చప్పుడైంది. చూస్తే ముందు వరుస పెద్దావిడ, ఆవిడ పక్కన గ్రైండర్ మోసుకుంటూ స్వప్న!

"థాంక్యూ అంకుల్!" అంది స్వప్న. నాకప్పుడు ముప్పై రెండేళ్ళు. తగలాల్సినవాటిలో ఇదొకటి అనుకుని భరించాను. "మాషం అంటే ఏంటో నాకస్సలు ఐడియా లేదు. కానీ మీరు తుమ్మిన చోటల్లా ఆన్సర్ ఉంటోంది కదా, మూడో ఆప్షన్ దగ్గర తుమ్మారు, చెప్పేశా."

అంటే నా సిగ్నల్ అందింది. ఎంతో స్పష్టంగా, ఏ లోపం లేకుండా అందింది. హాల్లో నా భార్యకు తప్ప.

"ఇగో, ఈమె మా కోడలు," అంది పెద్దావిడ నవ్వుతూ.

నాకు మెల్లిగా ఎక్కింది. "అంటే మీరు... ఆ ఒంటి తుమ్ము, ఆగు బిడ్డా అన్నదంతా..."

"తుమ్ముకు ఆగుడేంది నాయినా, నేను నమ్ముతనా! బళ్ళె సైన్సు చెప్పి రిటైరైన. రుమాల తీసినప్పుడే మిరియాల వాసన ముందు వరుస దాక వచ్చింది. పిలగాడు ఏదో ఆట ఆడుతుండు, మనం గూడ ఆడుదామనుకున్న. కోడలికి గ్రైండర్ మీద మనసున్నదాయె."

పద్మ చేతిలో గీకుడు చెక్క కింద పడిపోయింది. కోపం వచ్చిందేమోనని చూశాను. కారుకి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. స్వప్న నవ్వుతోంది. పెద్దావిడ పళ్ళూడేలా నవ్వుతోంది. మనం మాత్రం ఎందుకు మిగలడమని నేనూ నవ్వాను. పీల్చిన చలిగాలికి ఇంకో తుమ్ము వచ్చింది. ఈసారి ఎవరూ ఆగలేదు.

ఉగాది ఇడ్లీ సంగతి విన్నాక ఆవిడే అంది. "పప్పు నానవోసి మా ఇంటికి పట్టుకరా. మిషిన్ మాది, చెయ్యి నీది." పట్టుకెళ్ళాను. బకెట్ల కొద్దీ రుబ్బాను. ఇడ్లీలు దూదిలా వచ్చాయి. నాలుగువందల మందీ తిన్నారు, బేగెల్ ఊసే రాలేదు. ప్రెసిడెంట్ గారు మైకు పట్టుకుని, "ఇంత మెత్తని ఇడ్లీలు మనకందించిన స్వప్న గారి అత్తగారికి గట్టిగా చప్పట్లు!" అన్నారు. ఛాతీ తట్టుకున్నప్పుడు నాకు వచ్చిన చప్పట్లు వీటి ముందు చప్పట్లే కావు. ఆవిడ లేచి అందరికీ దండం పెట్టి, కూర్చునేముందు నావైపు తిరిగి ఒక కన్ను కొట్టింది.

కాబట్టి పెద్దలారా, ఆ ఇడ్లీ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట నా భార్య జవాబు చెప్పబోయేటప్పుడు నేను దగ్గను, తుమ్మను, అవసరమైతే ఊపిరి కూడా పీల్చను. ఊపిరి పీల్చక తప్పకపోతే బయటికెళ్ళి, ఆవిడ చెప్పడం పూర్తయ్యాక వస్తాను. ప్రకృతి నా మాట వినక ఎక్కడైనా ఒక తుమ్ము వచ్చేస్తే, వెంటనే రెండోది తుమ్మి జంట చేసిన తర్వాతే క్షమాపణ అడుగుతాను. ఇదంతా రాసి పద్మకు చదివి వినిపిస్తే, సగంలోనే ఆపి అంది:

"ముందు ఆ జేబులో రుమాలు బయట పెట్టండి."